ఆ సకిలింపు నా కోసమా, ఉలవల కోసమా?

మీరు అడిగింది ఇదీ. ఎనిమిది నెలల కింద ఒక మార్వాడీ జాతి ఆడగుర్రాన్ని కొని, చంద్రగిరి దగ్గర మామిడితోటలో షెడ్డు వేసి పెట్టుకున్నారు. పొద్దున, సాయంత్రం తిరుపతి నుంచి స్కూటర్ మీద వెళ్తారు. బండి చప్పుడు మలుపులో వినపడగానే అది సకిలిస్తుంది. మీరు దిగేసరికి కంచె దగ్గరికొచ్చి నిలబడి, తల తెచ్చి మీ భుజానికి రుద్దుతుంది. మీ స్నేహితుడేమో "నిన్ను చూసి కాదురా, నీ చేతిలో ఉలవల బకెట్ చూసి" అని ఎగతాళి చేస్తున్నాడు. ఇప్పుడు బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది. అమ్మేస్తే అది నా మీద బెంగ పెట్టుకుంటుందా అన్నది మీ అసలు ప్రశ్న.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మా నాయన చిత్తూరులో జట్కా తోలేవాడు. నేను తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదివి, ఈ చుట్టుపక్కలే ముప్పై ఏళ్లకు పైగా పశువుల డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. మన దిక్కున పశువుల డాక్టరంటే ఆవులు, గొర్రెలు, మేకలు. గుర్రం రెండు నెలలకొకటి వస్తే గొప్ప. అయినా జట్కావాడి కొడుకునని తెలిసి, ఊరేగింపు గుర్రాలవాళ్లు ఏదన్నా అయితే నాకే కబురు పెట్టేవాళ్లు.

మీ స్నేహితుడు చెప్పింది సగం నిజం. మిగతా సగానికి ముందు మీరు ఒకటి గమనించాలి. అది చేసే చప్పుడు ఎలాంటిది? తల ఎత్తి, నోరు తెరిచి, తోటంతా వినపడేలా పెద్దగా సకిలిస్తోందా? అది మందలోంచి తప్పిపోయిన గుర్రం వేసే కేక. "యాడున్నావ్, నేనిక్కడున్నా" అన్నట్టు. అలా కాకుండా, నోరు మూసుకుని, ముక్కుపుటాలు అదురుతుండగా గొంతులోనే సన్నగా గురగురమంటోందా? తల్లిగుర్రం పిల్లను దగ్గరికి పిలిచేది ఆ చప్పుడుతోనే. దాణా తెచ్చేవాణ్ణి చూసి చేసేదీ అదే. పిల్లకూ బకెట్‌కూ ఒకే పిలుపు పెట్టుకున్న జంతువుతో వచ్చిన చిక్కు ఇది. చప్పుడు ఒక్కటే విని మీరూ తీర్పు చెప్పలేరు, మీ స్నేహితుడూ చెప్పలేడు.

కాబట్టి ఒక పని చేయండి. దాణా వేళ కాని వేళ, అంటే మధ్యాహ్నం పూట, స్కూటర్ రోడ్డు మీదే ఆపేసి నడిచి వెళ్లండి. చేతిలో ఏమీ ఉండకూడదు, జేబులో బెల్లం ముక్క కూడా. దాని ముందు గడ్డి ఉండగానే వెళ్లాలి, ఆకలి మీద ఉన్నప్పుడు వద్దు. కంచెలోపల ఒక చెట్టు కింద, దానికి వీపు పెట్టి కూర్చోండి. పిలవొద్దు. పావుగంట, ఇరవై నిమిషాలు. గడ్డి వదిలి వచ్చి మీ పక్కన ఊరికే నిలబడుతుందా, లేదా? ఒక్కరోజుతో తేల్చేయకండి, వారం చూడండి.

భుజానికి తల రుద్దడం గురించి చెబితే మీకు కొంచెం నొప్పిగా ఉంటుంది. చాలాసార్లు అది దురద. కళ్లెం తోలు కింద చెమట పట్టి, ఈగలు వాలి, నుదురు, చెవుల వెనక జిలపెడుతుంది. గోక్కోవడానికి దానికి చేతులు లేవు, మీ భుజం ఉంది. చెయ్యి నాకడం కూడా అంతే, మన చెమటలో ఉప్పుంటుంది. మా నాయన గుర్రం బండి విప్పగానే పందిరి గుంజకూ ఇలాగే రుద్దుకునేది. గుంజ మీద ప్రేమ అని ఎవరూ అనలేదు.

ఇలా అన్నీ కొట్టేస్తున్నానని అనుకోవద్దు. గుర్రం మనిషిని చదివినంతగా మనం గుర్రాన్ని చదవలేం. జర్మనీలో వందేళ్ల కిందట హాన్స్ అని ఒక గుర్రం ఉండేది. విల్‌హెల్మ్ ఫన్ ఆస్టెన్ అనే బడిపంతులు దానికి లెక్కలు నేర్పానన్నాడు. కూడిక చెబితే జవాబు ఎంతో అన్నిసార్లు గిట్టతో నేలను తట్టేది. బెర్లిన్‌లో పెద్దపెద్దవాళ్లు వచ్చి చూసి, మోసం లేదన్నారు. చివరికి 1907లో ఆస్కార్ ఫుంగ్స్ట్ అనే ఆయన గుట్టు విప్పాడు. ప్రశ్న అడిగినవాడికే జవాబు తెలియకపోతే హాన్స్‌కూ తెలియదు. తెలిసినవాడు అడిగితే, సరైన అంకె వచ్చేసరికి వాడి తల, ముఖం వాడికే తెలియకుండా రవ్వంత కదిలేవి. గుర్రం ఆ కదలిక చూసి తట్టడం ఆపేసేది. జనం "ఓస్, లెక్కలు రావా" అని పెదవి విరిచారు. నాకైతే లెక్కలకంటే అదే పెద్ద విద్య అనిపిస్తుంది. ఎదుటి మనిషికే తెలియని అతని మనసు కదలికను కనిపెట్టడం!

స్వీడన్‌లో 2009లో ఇంకొకటి చేశారు. గుర్రాన్ని పట్టుకుని ఒక చోటి నుంచి ఇంకో చోటికి నడవమన్నారు. నాలుగోసారి వెళ్లేటప్పుడు పక్కన గొడుగు తెరుస్తామని మనిషికి ముందే చెప్పారు. నిజానికి తెరవలేదు. అయినా ఆ నాలుగో నడకలో మనిషి గుండె వేగం పెరిగింది, గుర్రానిదీ పెరిగింది. గొడుగు మాట గుర్రానికి ఎవరు చెప్పారు? దాన్ని పట్టుకున్నవాడి ఒళ్లే చెప్పింది. ఊరేగింపులో టపాకాయ పేలకముందే గుర్రం బెదిరితే "దీనికి పొగరు" అని కొడతారు. కొట్టేవాడు అప్పటికే పగ్గం బిగించి పట్టుకుని ఉంటాడు, అది మాత్రం ఎవరికీ కనపడదు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు నడిచే గుర్రాల్ని ఈసారి జాగ్రత్తగా చూడండి. అంత జనం, డోళ్లు, కోలాటాల మధ్య ఒక చెవి మాటిమాటికీ పక్కన నడిచే మనిషి వైపు తిరుగుతుంటుంది. చెవి ఎటుంటే మనసు అటు, గుర్రం విషయంలో ఇది మాట వరసకు అనేది కాదు.

గుర్తుపెట్టుకోవడంలో కూడా తీసిపోదు. ఇంగ్లండులోని ససెక్స్ యూనివర్సిటీ వాళ్లు 2018లో ఒక సంగతి బయటపెట్టారు. ఒక మనిషి కోపంగా ఉన్న ఫోటోనో, నవ్వుతున్న ఫోటోనో గుర్రానికి చూపించారు. కొన్ని గంటల తర్వాత అదే మనిషి ఏ భావమూ లేని ముఖంతో దాని ముందుకొచ్చాడు. కోపం ఫోటో చూసిన గుర్రాలు అతన్ని ఎక్కువగా ఎడమ కంటితో చూశాయి. ప్రమాదం అనుకున్నదాన్ని గుర్రం ఎడమ కంటితో చూస్తుంది. తన ఏ ఫోటో చూపించారో ఆ మనిషికి కూడా తెలియదు కాబట్టి హాన్స్ కథ ఇక్కడ కుదరదు. 2020లో ఫ్రాన్స్‌లో ఆడగుర్రాలతోనే చేసిన పరీక్షలో, ఆరు నెలలుగా కనపడని తమ పాత కాపరి ఫోటోను కూడా గుర్తుపట్టాయి. మీదీ ఆడగుర్రమే కదా. బెంగుళూరు వెళ్లినా మీ ముఖం దానికి గుర్తుంటుంది.

ఇక మీకు నచ్చనిది. గుర్తుండటం వేరు, మీరే కావాలనుకోవడం వేరు. యజమాని పట్టుకున్నప్పుడూ, ముక్కూ ముఖం తెలియనివాడు పట్టుకున్నప్పుడూ గుర్రం గుండె వేగంలో, మొండికేయడంలో తేడా ఉందేమోనని 2018లో ఇంగ్లండులో చూశారు. లేదు. 2020లో స్వీడన్‌లో యజమానీ, కొత్తమనిషీ ఒకరి తర్వాత ఒకరు గుర్రాన్ని ఒంటరిగా వదిలి వెళ్లి తిరిగొచ్చారు. మనిషి తిరిగొస్తే దగ్గరికి వచ్చింది కానీ, ఎవరొచ్చినా ఒకలాగే వచ్చింది. కుక్కలకు ఇలాంటి పరీక్ష పెడితే యజమాని దగ్గర తేడా కనపడుతుంది. గుర్రం కుక్క కాదు. దానికి కావలసింది నెమ్మదిగా, నిలకడగా ఉండే మనిషి. ఆ మనిషి ఫలానావాడే అయి ఉండాలన్న పట్టుదల మనదే.

ఈ మాట నాకు పరీక్షలు చదవకముందే ఇంట్లో తెలుసు. 1972 ప్రాంతం, నాకు పదేళ్లు. నాయనకు టైఫాయిడ్ వచ్చి మూడు వారాలు మంచం పట్టాడు. బండి ఆగితే పొయ్యి ఆగుతుంది కాబట్టి మా చిన్నాయన తోలాడు. గుర్రం పేరు రాజా. నాయన దానికి ఉలవలు ఉడికించి పెట్టకుండా తాను అన్నం ముట్టేవాడు కాదు. రాత్రి పదింటికి రైలు దిగినవాళ్లను సంతపేటలో దించి నిద్రపోతూ వచ్చినా రాజా తనంతట తానే ఇల్లు చేరేది. అలాంటిది, నాయన మంచంలో ఉన్న మూడు వారాల్లో అది ఒక్కపూట మేత మానలేదు. బండికి అడ్డం తిరగలేదు. చిన్నాయన "హై" అంటే నడిచింది, "హో" అంటే ఆగింది. మా అమ్మకు కోపం వచ్చింది. "బిడ్డలకంటే ఎక్కువగా చూసుకున్నాడే, ఒక్కపూటన్నా తిండి మానిందా చూడు, విశ్వాసం లేంది" అని రోజూ తిట్టేది. నాయనకు వినపడేలా కాదు, గుర్రానికి వినపడేలా.

అప్పుడు చిన్నాయన ఒక మాట అన్నాడు. దాని విలువ కాలేజీలో నాలుగో ఏడాదిలో గానీ నాకు తెలియలేదు. "వదినా, ఇది రాత్రుళ్లు పండుకోవడం లేదు" అన్నాడు. గుర్రం నిలబడే కునుకు తీస్తుంది, కాళ్లలో కీలు బిగించుకునే ఏర్పాటుంది. కానీ గాఢనిద్ర, మనకు కలలొచ్చే లాంటి నిద్ర పోవాలంటే దానికి ఒళ్లు నేల మీద వాల్చక తప్పదు. రోజుకు అరగంట చాలు. పులికి భయపడి బతికిన జాతి, నేల మీద పడుకుంటే లేచి పరిగెత్తడానికి సమయం పడుతుందని దాని రక్తానికి తెలుసు. అందుకే కాపలా ఉందన్న ధైర్యం లేకపోతే వాలదు. మందలో అయితే ఒకటి పడుకుంటే ఇంకొకటి నిలబడి చూస్తుంటుంది. మా కొట్టంలో రెండో గుర్రం లేదు. నాయన రోజూ కొట్టం పక్కనే నులకమంచం వేసుకుని పడుకునేవాడు. చిన్నాయన ఇంట్లో పడుకునేవాడు.

నాయన లేచి తిరగగలిగిన రోజు, నేను చూశాను కాబట్టి చెప్తున్నా, సినిమాలో లాగా ఏమీ జరగలేదు. రాజా సకిలించలేదు. నాయన దగ్గు వినపడగానే చెవులు రెండూ అటు తిప్పింది, మళ్లీ గడ్డి తినసాగింది. అమ్మ "చూశావా" అంది. ఆ రాత్రి నులకమంచం మళ్లీ కొట్టం దగ్గరికి చేరింది. తెల్లవారుజామున నేను ఒంటికి లేచి చూస్తే రాజా పక్కకు ఒరిగి, కాళ్లు చాపుకుని, కింది పెదవి వేలాడేసి నిద్రపోతోంది. దాన్ని ప్రేమ అంటారో కాపలా అంటారో మీరే పెట్టుకోండి పేరు. మంచం ఎవరు వేసుకున్నా వాలేదేమో కూడా. కానీ వేసుకున్నది నాయన.

మీ కథలో నన్ను కలవరపెట్టింది ఇక్కడే. మీ దగ్గర ఉన్నది ఒక్కటే గుర్రం. రోజుకు రెండుసార్లు, కలిపితే రెండు గంటలు మీరుంటారు. తక్కిన ఇరవై రెండు గంటలు ఆ తోటలో అది ఒంటరి. స్కూటర్ చప్పుడు వినగానే సకిలించడం మీ మీద ప్రేమ అనుకుని మీరు పొంగిపోతున్నారు. నాకు అది ఒంటరితనంలా వినపడుతోంది. షెడ్డు నేల చూడండి. కంచె వెంబడి గిట్టలతో దారి పడిందా? తలుపు కొయ్య కొరికేస్తోందా? మోకాళ్ల మీద, పక్కల మీద మట్టి, పేడ మరకలు పొద్దుటిపూట ఎప్పుడైనా కనపడ్డాయా? కనపడితే సంతోషం, రాత్రి పడుకుందన్నమాట. ఎనిమిది నెలల్లో ఒక్కసారీ కనపడలేదంటే ఆలోచించాలి.

ఊరేగింపులకు బాడుగకిచ్చే ఒకాయన దగ్గర రెండు తెల్ల గుర్రాలుండేవి. అప్పుల కింద ఒకదాన్ని తమిళనాడు వైపు అమ్మేశాడు. మూడో రోజు రెండోది మేత మానిందని నన్ను పిలిచాడు. జ్వరం లేదు, కడుపులో చప్పుళ్లు బాగున్నాయి, పేడ బాగుంది, పళ్లు బాగున్నాయి. గోడ వెంట అటూ ఇటూ తిరుగుతూ గేటు దగ్గర ఆగి కేక వేస్తోంది. ఇదిగో, బెంగ అంటే ఇది. యజమాని మారితే ఇలా చేసిన గుర్రాన్ని నేను చూడలేదు. జత గుర్రం పోతే ఇలా అయినవాటిని ఒకటికి రెండుసార్లు చూశాను. మందు రాయలేదు, ఒక గాడిదను తెచ్చి కట్టమన్నాను. "పెళ్లిగుర్రం పక్కన గాడిదా? జనం నవ్వరా సార్" అన్నాడు. సరే మేకనైనా తెమ్మన్నాను. మేక వచ్చిన నాలుగైదు రోజులకు మేత పట్టింది. మేక వల్లేనని ప్రమాణం చేయలేను, రోజులు గడిచినందుకైనా కావచ్చు. కానీ తర్వాత ఆ మేకను అమ్మాలనుకున్నప్పుడు గుర్రం ఒప్పుకోలేదని ఆయనే చెప్పాడు.

కాబట్టి అమ్మాలా వద్దా అన్నదానికి నా జవాబు ఇది. మీరు వారానికో, రెండు వారాలకో ఒకసారి వచ్చి చూస్తూ జీతగాడి మీద వదిలేసేటట్టయితే, అమ్మడమే దానికి మేలు. అయితే ఇంకో గుర్రమో రెండో ఉన్న చోటికే అమ్మండి. పదివేలు తక్కువొచ్చినా సరే. ఒంటరిగా ఊరేగింపుకు తిప్పేవాడికి, "రాత్రిపూట ఆటోస్టాండ్ పక్కన కట్టేస్తా" అనేవాడికి ఇవ్వకండి. మీరు ఈ ఎనిమిది నెలలు కొట్టకుండా చూసుకున్నది ఎక్కడికీ పోదు. ఫ్రాన్స్‌లో 2010లో చేసిన ఒక పరిశోధనలో, మేత ఇస్తూ మంచిగా నేర్పిన గుర్రాలు నెలల తర్వాత కూడా నేర్చింది మరవలేదు, పైగా కొత్తమనుషుల దగ్గరికీ జంకకుండా వచ్చాయి. మీరు చేసిన మంచిలో కొంత కొన్నవాడికి ముడుతుంది. ఇది మీకు అన్యాయంగా అనిపించవచ్చు. గుర్రానికి మాత్రం లాభమే.

కొనేవాణ్ణి పదిరోజుల ముందు నుంచే రమ్మనండి. మొదటి మూడు రోజులు మీరు పక్కనుండగా అతను మాలీసు చేయాలి. చేతితో చరచడం వద్దు. గుర్రాలు ఒకదాన్నొకటి ఎప్పుడూ చరచుకోవు, మెడ మొదలు మూపు దగ్గర పళ్లతో గోక్కుంటాయి. అక్కడ గోకితే గుర్రం గుండె వేగం తగ్గుతుందని ఫ్రాన్స్‌లోని కమార్గ్ గుర్రాల మీద 1993లోనే చూపించారు. వేళ్లతో గట్టిగా గోకండి, పై పెదవి ముందుకు సాగి వణుకుతుంటే సరైన చోటు దొరికినట్టు. ఒక్కోసారి బదులుగా మీ భుజాన్నీ పళ్లతో గోకబోతుంది. అది కరవడం కాదు, కొట్టకండి, మెల్లగా తల పక్కకు తిప్పండి. మీరు అడిగిన ప్రేమకు దగ్గరగా దాని భాషలో ఏదైనా ఉందంటే, భుజానికి తల రుద్దడం కంటే ఇదేనని నేను చెప్తాను.

దాణా ఒక్కసారిగా మార్చకండి. గుర్రం వాంతి చేసుకోలేదు, కడుపులో పట్టనిది పడితే నొప్పితో పొర్లి పొర్లి చచ్చిపోయేవి ఉన్నాయి. మీరు పెట్టే ఉలవలు, గడ్డి ఒక వారానికి సరిపడా కట్టి పంపించండి, కొత్తది రోజూ కొంచెం కొంచెం కలుపుకుంటూ వెళ్లమనండి. ధనుర్వాతం టీకా వేసిందీ లేనిదీ కాగితం మీద రాసివ్వండి, గుర్రాలకు ఆ జబ్బు మహా సులువుగా వస్తుంది. గ్లాండర్స్ అనే గుర్రాల జబ్బుకు రక్తపరీక్ష కూడా మీ దగ్గరి పశువుల ఆసుపత్రి ద్వారా చేయించి పెట్టుకోండి. అది మనుషులకూ అంటుకునే జబ్బు, ప్రభుత్వానికి చెప్పి తీరాల్సిన జబ్బు.

ఒకవేళ అమ్మకుండా ఉంచుకుంటే, ఈ వారంలోనే ఒక జత చూడండి. గుర్రం కొనలేకపోతే మేక చాలు, ఆడమేక అయితే మంచిది, పోతు కుమ్ముతుంది. రాత్రి కాపలాకు మనిషిని పెడితే ఆ మంచం షెడ్డుకు కనపడేంత దగ్గరగా వేయించండి.

పొద్దున ఆరు లోపల షెడ్డు నేల ఫోటో ఒకటి తీసి ఇక్కడ పెట్టండి, ఊడ్చకముందు. దాని పక్కల ఫోటో కూడా. పడుకుంటోందో లేదో చూసి చెప్తాను.